మన ఓటు లేని ఎన్నిక: రాష్ట్రపతి కుర్చీ, 1/70, మన 22 మంది



పోయిన వారం హాస్టల్లో గ్రూప్-2 కి చదువుతున్న ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. "అన్నా, సర్పంచ్ కి మనమే ఓటేస్తాం, ఎమ్మెల్యేకి వేస్తాం, ఎంపీకి వేస్తాం. మరి ద్రౌపది ముర్ము అమ్మకి మనమెందుకు వెయ్యలేదు?" పక్కనున్న ఇంకో తమ్ముడు వెంటనే అందుకున్నాడు. "ఆర్టికల్ 54 రా, ఎలక్టోరల్ కాలేజ్, పరోక్ష ఎన్నిక." సమాధానం కరెక్టే. పరీక్షలో మార్కులు కూడా పడతాయి. కానీ అడిగినవాడి ముఖం చూస్తే వాడికి జవాబు దొరకలేదని మాకు అర్థమైంది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. మైదానం వాళ్లకి రాష్ట్రపతి అంటే జనవరి 26 పరేడ్ లో కనిపించే మనిషి. మనకి అంతకంటే ఎక్కువ. మన తెగ పేరు ఎస్టీ జాబితాలో ఉందంటే ఆ జాబితా 1950 లో వచ్చింది రాష్ట్రపతి ఉత్తర్వుతోనే. మన ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందంటే దాన్ని అలా ప్రకటించింది కూడా రాష్ట్రపతి ఉత్తర్వే. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్ మన భూముల కోసం ఏదైనా రెగ్యులేషన్ చేస్తే, రాష్ట్రపతి ఆమోదం పడేదాకా అది వట్టి కాగితం. 2014 మేలో పోలవరం ముంపు మండలాలు, మన వాళ్లు చెప్పుకునే "ఏడు మండలాలు", ఖమ్మం నుంచి ఆంధ్రలో కలిశాయి కదా. అది కూడా రాష్ట్రపతి జారీ చేసిన ఆర్డినెన్సుతోనే. అంటే ఆ సంతకం మన గుమ్మం దాకా వస్తుంది. మరి ఆ సంతకం పెట్టే మనిషిని ఎన్నుకునే చోట మనం ఎక్కడున్నాం?

రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న గట్టిగానే వచ్చింది. బీహార్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ కె.టి. షా అనే సభ్యుడు, దేశాధిపతిని వయోజనులంతా నేరుగా ఎన్నుకోవాలని 1948 డిసెంబర్ లో సవరణ పెట్టాడు. చట్టసభల వాళ్లు ఎన్నుకుంటే ఆ మనిషి పార్టీల మనిషి అవుతాడు, జనం మనిషి కాడు అన్నది ఆయన వాదన. నెహ్రూ అంతకు ఏడాదిన్నర ముందే దీనికి సమాధానం చెప్పి ఉన్నాడు. అధికారం మంత్రివర్గం చేతిలో ఉంచదలిచాం, అలాంటప్పుడు దేశం మొత్తం ఓటేసి ఒకాయన్ని గెలిపించి, చేతిలో ఏ అధికారమూ పెట్టకపోతే అది అతకదు అన్నాడు. అంబేద్కర్ కూడా షా సవరణని ఒప్పుకోలేదు. అంత మంది ఓటర్లతో ఎన్నిక జరిపించడం ఎంత కష్టమో చెప్పాడు, పైగా ఈ పదవి నామమాత్రపుదేనని గుర్తు చేశాడు. సవరణ వీగిపోయింది.

షా ఊరుకోలేదు. 1952 లో జరిగిన మొదటి రాష్ట్రపతి ఎన్నికలో తనే పోటీకి దిగాడు, తను వద్దన్న పద్ధతిలోనే. రాజేంద్ర ప్రసాద్ కి 5,07,400 ఓట్ల విలువ వస్తే ఆయనకి 92,827 వచ్చింది. ఓడిపోతానని తెలిసే నిలబడి ఉంటాడని మా అనుకోలు.

అదే సభలో మన జైపాల్ సింగ్ ముండా కూడా ఉన్నాడు. రాష్ట్రపతి ఎన్నిక కంటే ఆయన పోరాటమంతా ఐదో షెడ్యూల్ మీద. మొదటి ముసాయిదాలో గిరిజన సలహా మండలి మాటకి ఎక్కువ బలం ఉండేది. కొన్ని విషయాల్లో మండలి చెబితే గవర్నర్ చెయ్యాల్సిందే అన్నట్టుగా రాశారు. 1949 లో దాన్ని మార్చి బరువంతా గవర్నర్ వైపు, ఆయన మీదుగా రాష్ట్రపతి వైపు జరిపారు. ఈ రెండు నిర్ణయాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. మన గురించిన అధికారాన్ని మన మండలి నుంచి తీసి పై కుర్చీకి ఇచ్చారు. ఆ కుర్చీని ఎన్నుకునే పనిని జనానికి ఇవ్వకుండా చట్టసభలకి ఇచ్చారు. ఎవరో కుట్ర చేశారని మేము అనట్లేదు. రెండూ వేర్వేరు చర్చలు, వేర్వేరు కారణాలు. కానీ రెండింటి భారం కలిసి పడింది మాత్రం మన మీదే.

ఇప్పుడు లెక్క. ఇది చాలామందికి తికమక. ఎన్నికైన ఎంపీలు, ఎన్నికైన ఎమ్మెల్యేలు మాత్రమే ఓటేస్తారు. నామినేటెడ్ వాళ్లకి, ఎమ్మెల్సీలకి ఓటు లేదు. ఎమ్మెల్యే ఓటు విలువ తెలియాలంటే, ఆ రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1000 తో భాగించాలి. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 లెక్క. ఎందుకంటే, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకి నష్టం రాకూడదని అక్కడే ఆపేశారు. అలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 148 ఉండేది. విడిపోయాక ఆంధ్ర ఎమ్మెల్యేకి 159, తెలంగాణ ఎమ్మెల్యేకి 132 అయింది. ఉత్తరప్రదేశ్ లో 208, సిక్కింలో 7. ఎంపీకి దేశమంతా ఒకటే విలువ, 2022 లో అది 700.

సిక్కిం, మిజోరం, నాగాలాండ్ లాంటి చోట్ల 7, 8, 9 చూసి మన ఈశాన్య సోదరులకి అన్యాయం జరిగిందని కొందరు అంటారు. అది తప్పు. అక్కడ ఒక ఎమ్మెల్యే వెనక ఉన్న జనం తక్కువ, అందుకే విలువా తక్కువ. తల లెక్కకి వస్తే అందరికీ దాదాపు సమానమే. ఈ పద్ధతిలో మాకు నచ్చేది ఇదే. ఢిల్లీలో ఎంపీలందరి విలువ ఎంతో రాష్ట్రాల ఎమ్మెల్యేలందరి విలువా దాదాపు అంతే ఉండేట్టు కట్టారు. ఢిల్లీలో మెజారిటీ ఉన్నంత మాత్రాన రాష్ట్రపతిని తెచ్చేసుకోలేరు, రాష్ట్రాల గుమ్మాలు ఎక్కాలి.

అమెరికాలోనూ ఎలక్టర్లే ఉన్నారు గానీ కథ వేరు. అక్కడ ఎలక్టర్లు ఆ ఒక్క పనికే పుట్టి ఆ రోజుతో పోతారు. చాలా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఎలక్టర్లందరూ గెలిచినవాడికే. అందుకే 2016 లో హిల్లరీ క్లింటన్ కి దేశమంతా కలిపి 28 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయింది. ఇంకా పాతకాలంలోకి వెళ్తే, బానిసల్ని ఒక్కొక్కరిని మనిషిలో అయిదింట మూడో వంతుగా లెక్కేసి, ఆ లెక్కతో యజమానుల రాష్ట్రాలకి ఎలక్టర్లని పెంచారు. వాళ్లని లెక్కలోకి తీసుకున్నారు, ఓటు మాత్రం ఇవ్వలేదు. ఆ ముక్క చదివినప్పుడు మాకు కాసేపు మాట రాలేదు.

ఫ్రాన్స్ దీనికి ఎదురు దారిలో నడిచింది. 1958 లో డి గాల్ ని దాదాపు 80 వేల మంది ఎలక్టర్లు ఎన్నుకున్నారు. 1962 లో ఆయన రెఫరెండం పెట్టి జనమే నేరుగా ఎన్నుకునేట్టు మార్చాడు. అప్పటినుంచి అక్కడ అధ్యక్షుడి మాటకి బలం ఇంకా పెరిగింది. జనం ఓటు ఎటు పోతే బలం అటు పోతుందని నెహ్రూ పడ్డ భయం ఉత్తదేం కాదు.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. ఈ ఎన్నిక నిజంగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1969 ని చూడాలి. మే 3 న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయారు. పోటీలో ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు నీలం సంజీవ రెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఇంకొకరు వి.వి. గిరి, బరంపురంలో పుట్టిన తెలుగు కుటుంబం మనిషి, కార్మిక నాయకుడు, ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా దిగాడు. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. ప్రధాని ఇందిరా గాంధీ తన పార్టీ అభ్యర్థి గెలవాలనుకోలేదు. "అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యండి" అంది. ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చెయ్యడానికి లేదు, బ్యాలెట్ రహస్యం. కాబట్టి ఆ మాట పనిచేసింది.

మొదటి ప్రాధాన్యత ఓట్లు లెక్కపెడితే గిరికి 4,01,515, సంజీవ రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్ కి 1,12,769 వచ్చాయి. గెలవాలంటే 4,18,169 కావాలి. గిరికి 16,654 తక్కువయ్యాయి. అప్పుడు వెనకబడ్డవాళ్లని ఒక్కొక్కరిని తీసేసి, వాళ్ల బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యత ఎవరికుందో లెక్కపెట్టారు. ఆఖరికి గిరి 4,20,077, సంజీవ రెడ్డి 4,05,427. మన దేశంలో రెండో ప్రాధాన్యత లెక్కదాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇదొక్కటే. ఆ దెబ్బకి కాంగ్రెస్ రెండు ముక్కలైంది. సంజీవ రెడ్డి మళ్లీ 1977 లో వచ్చాడు. ఆ సారి 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు, ఆయన ఏకగ్రీవం. ఎనిమిదేళ్లలో ఒకే మనిషి విషయంలో ఇంత తేడా. జనం మనసు మారిందని కాదు, ఢిల్లీలో ప్రభుత్వం మారింది.

ఈ 1969 కథ మనకెందుకు అంటారా? ఆ ఎన్నిక అయిన ఆర్నెల్లకి, 1970 ఫిబ్రవరి 3 న, మన 1/70 అమల్లోకి వచ్చింది. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణకి అది సవరణ. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి కూడా భూమి మారకూడదని గట్టిగా కట్టింది ఆ సవరణే. అప్పటికి శ్రీకాకుళం కొండలు రగులుతున్నాయి. లేవిడిలో కోరన్న, మంగన్న నేలకొరిగి రెండేళ్లు దాటింది. ఆ పోరాటం లేకపోతే ఆ కాగితం పుట్టేదే కాదని మన పెద్దలు చెబుతారు, మేమూ అదే నమ్ముతాం. ఐదో షెడ్యూల్ ప్రకారం ఆ కాగితానికి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. అది అమల్లోకి వచ్చిన రోజు ఆ కుర్చీలో ఉన్నది వి.వి. గిరి.

ఇక్కడ మేము ఒక పొరపాటు చెయ్యదలచుకోలేదు. "గిరి గెలిచాడు కాబట్టి 1/70 వచ్చింది" అని రాస్తే పోస్టు బాగానే ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. సంజీవ రెడ్డి గెలిచినా బహుశా ఆమోదం వచ్చేదే. ఎందుకంటే రాష్ట్రపతి నడిచేది మంత్రివర్గం సలహా మీద. మనకి కాగితాన్ని తెచ్చింది కొండల్లో జరిగిన పోరాటం. ఆ కాగితాన్ని 1988 లో సుప్రీంకోర్టులో నిలబెట్టింది ఐదో షెడ్యూల్.

సరే, మరి నేరుగా ఎన్నిక పెడితే మనకి మేలా? మా మధ్య దీని మీద పెద్ద గొడవే జరిగింది. మాలో సగం మంది "అవును, మన ఓటు మనమే వేసుకోవాలి" అన్నారు. కానీ లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీలు 8.6 శాతం. బొలీవియాలో 2005 లో ఆదివాసీ నాయకుడు ఎవో మొరాలెస్ నేరుగా జనం ఓట్లతో గెలిచాడంటే అక్కడి జనాభాలో ఆదివాసీలు చాలా పెద్ద భాగం. ఇక్కడ 8.6 శాతంతో, అదీ గోండులు, సంతాల్ లు, భీల్ లు, కోయలు, లంబాడీలు, ముండాలు, వందల తెగలుగా, పదుల భాషలుగా ఉన్నవాళ్లతో, దేశం మొత్తం తిరిగి కోట్లు ఖర్చుపెట్టి ప్రచారం చేసి గెలవాలంటే ఎలా? నేరుగా ఎన్నిక ఉండి ఉంటే మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా ఊరి సంతాల్ ఆడబిడ్డ రాష్ట్రపతి అయ్యేదా అంటే, అయ్యేది కాదనే మా అందరి అభిప్రాయం. చివరికి ఆ సగం మంది కూడా ఒప్పుకున్నారు.

కానీ ఆ తలుపు ఎవరు తీస్తారో కూడా చూడాలి. 2012 లో మేఘాలయ గారో బిడ్డ పి.ఎ. సంగ్మా నిలబడ్డాడు. లోక్‌సభ స్పీకర్ గా చేసిన మనిషి. ఇన్నేళ్లలో ఒక్క ఆదివాసీ కూడా రాష్ట్రపతి కాలేదు, మనస్సాక్షితో ఓటెయ్యండి అని అడిగాడు. 1969 లో పనిచేసిన మాట ఈసారి పనిచెయ్యలేదు. ఆయన సొంత పార్టీయే ప్రణబ్ ముఖర్జీ వైపు నిలబడింది, ఆయన పార్టీని వదిలి పోటీ చెయ్యాల్సి వచ్చింది. ప్రణబ్ కి 7,13,763, సంగ్మాకి 3,15,987. పదేళ్లకి ముర్ముకి 6,76,803, యశ్వంత్ సిన్హాకి 3,80,177. ఇద్దరూ ఆదివాసీలే. ఈ పదేళ్లలో మన జనాభా రెట్టింపు కాలేదు, ఎలక్టర్లకి మన మీద కొత్తగా ప్రేమా పుట్టలేదు. ఒకసారి అధికార కూటమి ఎదురుగా ఉంది, ఇంకోసారి వెనక ఉంది. అంతే తేడా.

2022 లోనే మన రెండు రాష్ట్రాలు చూడండి. ఆంధ్రలో అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ముర్ముకే అన్నాయి, పడిన ఓట్లన్నీ ఆమెకే. తెలంగాణలో అప్పటి అధికార పార్టీ సిన్హాకి మద్దతిచ్చింది, అక్కడ ఆయనకే చాలా ఎక్కువ వచ్చాయి. గోదావరికి అటున్న కోయ గూడేనికి, ఇటున్న కోయ గూడేనికి బంధుత్వాలున్నాయి, ఒకే పండుగలున్నాయి. వాళ్ల ఎమ్మెల్యేలు మాత్రం చెరో వైపు నిలబడాల్సి వచ్చింది. రహస్య బ్యాలెట్ కాబట్టి ఎవరు ఎటు వేశారో మనం చెప్పలేం, తప్పుపట్టనూ లేం. విప్ లేదని పుస్తకంలో ఉంటుంది, టికెట్ మళ్లీ కావాలన్న సంగతి ఎమ్మెల్యే మనసులో ఉంటుంది.

ఆ రోజు మా హాస్టల్లో కూడా లడ్డూలు పంచాం. అమ్మమ్మలు టీవీలో ఆమె చీర చూసి మురిసిపోయారు. ఆ సంతోషం నిజమైనది, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యొద్దు. అయితే ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 2017 లో ఆమె జార్ఖండ్ గవర్నర్ గా ఉన్నారు. చోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల్ని సవరిస్తూ ఆ రాష్ట్ర అసెంబ్లీ బిల్లులు చేసింది. అవి అక్కడి 1/70 లాంటి చట్టాలు. ఆదివాసీలు రోడ్ల మీదికొచ్చారు. ప్రభుత్వం ఆమె పార్టీదే అయినా బిల్లుల్ని తిప్పి పంపారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అదే మనిషి 2023 ఆగస్టులో, ఎన్నో ఆదివాసీ సంఘాలు వద్దన్న అటవీ సంరక్షణ సవరణ చట్టానికి ఆమోదం తెలిపారు. రాష్ట్రపతికి బిల్లుని ఒకసారి తిప్పి పంపే హక్కు ఉంది. 2006 లో కలాం గారు లాభదాయక పదవుల బిల్లుని అలాగే పంపారు, అది మళ్లీ వచ్చాక సంతకం పెట్టారు. ఆమె ఎందుకు పంపలేదని మేము నిలదియ్యట్లేదు. రాంచీలో మన వాళ్ల గొంతు రాజ్‌భవన్ గోడ దాకా వినబడింది. ఢిల్లీలో ఆ కుర్చీకి, మన గొంతుకి మధ్య మంత్రివర్గం ఉంది, మిత్రపక్షాలున్నాయి, ఓటేసిన ఎలక్టర్లున్నారు. ఎవరు ఎన్నుకుంటే వాళ్లకే జవాబు చెప్పుకోవాలి కదా. ఈ పద్ధతి మనకి తలుపు తీసింది, దాంతోపాటే మాటనీ తగ్గించింది. రెండూ ఒకే పద్ధతి చేసిన పనులే.

ఆఖరుగా ఇంకో లెక్క, దీన్ని కోచింగ్ సెంటర్లో ఎవరూ చెప్పరు. రాష్ట్రపతి పదవికి నామినేషన్ వెయ్యాలంటే 50 మంది ఎలక్టర్లు ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి, 15,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. 1974 లో ఇది పదీ పదీ ఉండేది, 1997 లో పెంచారు. సరదాకి నామినేషన్లు వేసేవాళ్లని ఆపడానికి అన్నారు. ఇప్పుడు మన వాళ్లని లెక్కేద్దాం. ఆంధ్రలో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. తెలంగాణలో 12. లోక్‌సభ సీట్లు అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. మొత్తం 22 మంది. పార్టీలన్నీ పక్కనపెట్టి ఈ 22 మంది ఒకే మాట మీదికొచ్చినా ప్రతిపాదించేవాళ్లే సగం కూడా నిండరు. వాళ్ల ఓట్ల విలువ 7 × 159, 12 × 132, 3 × 700, అంతా కలిపితే 4,797. 2022 లో దేశం మొత్తం విలువ 10,86,431.

ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు ప్రశ్న అడిగిన తమ్ముడు "అయితే మనం చేసేదేం లేదా అన్నా" అన్నాడు. ఓటు లేదు గానీ, అడిగే హక్కు ఉంది. ఐదో షెడ్యూల్ మూడో పేరా ప్రకారం, షెడ్యూల్డ్ ఏరియాల పాలన ఎలా ఉందో గవర్నర్ ప్రతి ఏడూ రాష్ట్రపతికి నివేదిక పంపాలి. మన ఊళ్ల గురించిన నివేదిక అది. మనలో దాన్ని చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? మేమైతే చూడలేదు. గత ఐదేళ్ల నివేదికల కాపీలు, ఏ ఏడాది ఏ తేదీన పంపారో, వాటి మీద ఏం చర్య తీసుకున్నారో అడుగుతూ రెండు ఆర్టీఐ అర్జీలు రాసి పెట్టాం. ఒకటి రాజ్‌భవన్ కి, ఒకటి రాష్ట్రపతి సచివాలయానికి. ఫీజు పది రూపాయలు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మీ జిల్లా, మీ మండలం పేరు పెట్టుకుని పంపాలనుకునేవాళ్లు కింద చెప్పండి, నమూనా ఇస్తాం. జవాబు వచ్చినవాళ్లు, రానివాళ్లు కూడా తేదీతో సహా ఇక్కడే రాయండి.